చలి రాత్రుల పంట



కూరగాయల బుట్టలో అడుగున ఉండిపోయిన బంగాళాదుంప మొలకెత్తితే పారేయడానికి చాలామందికి మనసొప్పదు. ఏ మార్చి నెలలోనో దాన్ని తీసుకెళ్లి మేడమీద కుండీలో పాతిపెడతారు. నెల తిరిగేసరికి మొక్క గుబురుగా లేస్తుంది. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. మే నెలలో కుండీ బోర్లిస్తే మట్టి, వేళ్లు, మహా అయితే గోళీకాయలంత దుంపలు నాలుగు. ఎరువు చాల్లేదంటారు ఒకరు, కుండీ చిన్నదైందంటారు ఇంకొకరు. పాపం, ఎరువునీ కుండీనీ ఆడిపోసుకోనక్కర్లేదు. తప్పంతా మార్చి, ఏప్రిల్ నెలల రాత్రులది.

అవును, రాత్రులదే. బంగాళాదుంప ఏ నేలలో పండుతుంది, ఏ నెలలో పండుతుంది అని ఎవరైనా అడిగితే, ఆ ఊళ్లో ఎండ ఎంతని కాక, రాత్రి చలి ఎంత, ఆ చలి ఎన్ని వారాలు నిలుస్తుంది అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. వానకూ నేలకూ కూడా పాత్ర ఉంది. కాని మొదటి మాట మాత్రం రాత్రిదే.

ముందు మొక్క సంగతి చూద్దాం. మనం తినేది వేరు కాదు, కాండం. భూమిలో అడ్డంగా పాకే సన్నని కాండం కొస ఉబ్బితే దుంప ఏర్పడుతుంది. అందుకే దానికి కళ్లుంటాయి, కళ్లలోంచి మొలకలొస్తాయి. చిలగడదుంప పూర్తిగా వేరే కుటుంబం. అది నిజంగానే వేరు, వేడికి వెరవదు, కోస్తాలో హాయిగా ఊరుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టలేం.

పగలంతా ఆకులు ఎండను వాడుకుని చక్కెర తయారుచేస్తాయి. అందులో కొంత మొక్క తన బతుకు కోసం ఖర్చుపెట్టుకుంటుంది, మిగిలింది కిందికి దించి పిండిగా దాస్తుంది. రాత్రి ఉక్కగా ఉంటే మొక్క ఊపిరి వేగం పెరుగుతుంది. జీతం రాగానే సగం వడ్డీలకు పోయే సంసారంలా, పగలు సంపాదించినది రాత్రే కరిగిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఆకులు పెంచింది చాలు, ఇక దుంప ఊరించమని ఆకుల నుంచి భూమిలోని కాండానికి ఒక కబురు వెళ్లాలి. ఆ కబురు మోసే ప్రొటీన్‌ను శాస్త్రవేత్తలు 2011లో గుర్తించారు. మిగతా మొక్కల్లో పూత పూయమని చెప్పే ప్రొటీన్‌కు ఇది దగ్గరి చుట్టం. వేడి ఎక్కువైతే ఆకుల్లో దీని తయారీయే పడిపోతుంది. కబురు అందని మొక్క ఆకుల మీద ఆకులు వేసుకుంటూ పోతుంది. చూసేవాళ్లకు ఏపుగా కనబడుతుంది, తవ్వేవాళ్లకు ఏమీ దొరకదు.

లెక్కలో చెప్పాలంటే, రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే దుంప చక్కగా ఊరుతుంది. 20 దాటితే తగ్గడం మొదలవుతుంది. 22, 23 కూడా దాటితే మామూలు రకాలు దాదాపు చేతులెత్తేస్తాయి. పగటి వేడి 30 దాటినా ఇబ్బందే, కాని రాత్రి చల్లబడితే ఆ వేడిని కొంతవరకు ఓర్చుకుంటుంది. గుజరాత్‌లోని డీసా దీనికి మంచి ఉదాహరణ. బనాస్ నది ఒడ్డున ఇసుక నేలలు, పక్కనే రాజస్థాన్ ఎడారి. అక్కడ శీతాకాలంలోనూ పగలు ఎండ బాగానే కాస్తుంది. కాని గాలిలో తేమ తక్కువ, ఆకాశం నిర్మలం. పొద్దు గుంకగానే నేల గబగబా చల్లారిపోతుంది. మన దేశంలో బంగాళాదుంప దిగుబడికి పేరుపడ్డ ప్రాంతాల్లో అదొకటి. చిప్స్ కంపెనీల లారీలు వరుసకట్టేది అక్కడే.

చల్లగా ఉంటే చాలు కదా అని హద్దు మీరినా కుదరదు. సున్నాకు రెండు డిగ్రీలు కిందికి దిగితే ఆకులు గడ్డకట్టి, ఎండ రాగానే నల్లగా మాడిపోతాయి. అంటే దీనికి ఉడుకూ పనికిరాదు, గడ్డకట్టే చలీ పనికిరాదు. ఈ పెంకితనం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే దాని పుట్టింటికి వెళ్లాలి.

దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా సరిహద్దున టిటికాకా సరస్సు ఉంది. సముద్రమట్టానికి 3,800 మీటర్ల ఎత్తు. ఆ చుట్టుపక్కల ఆండీస్ కొండల్లో ఏడెనిమిది వేల ఏళ్ల కిందట బంగాళాదుంపను సాగులోకి తెచ్చారు. అది ఉష్ణమండలమే. సంవత్సరం పొడుగునా పగలూ రాత్రీ ఇంచుమించు సగం సగం. కాని ఎత్తు వల్ల రాత్రులు చల్లన. ఆ రెండు అలవాట్లూ మొక్క ఒంట్లో స్థిరపడిపోయాయి. అక్కడి రైతులకు వేడి బాధ లేదు, మంచు బాధే. సరస్సు ఒడ్డు మైదానాల్లో పూర్వీకులు ఎత్తైన మట్టి కట్టలు పోసి, వాటి మధ్య కాలువలు తవ్వి, కట్టల మీద దుంపలు నాటారు. పగలు వేడెక్కిన కాలువ నీరు రాత్రంతా ఆ వేడిని మెల్లగా వదులుతూ మొక్కను కాపాడుతుంది. పాడుబడిపోయిన ఆ కట్టలను 1980లలో పురావస్తు శాస్త్రవేత్తలు ఊరివాళ్లతో కలిసి మళ్లీ తవ్వి నాటి చూశారు. పంట నిలిచింది. మంచును వాడుకోవడం కూడా వాళ్లకు తెలుసు. జూన్, జూలై రాత్రుల్లో దుంపలను ఆరుబయట పరిచి గడ్డకట్టనిస్తారు. పొద్దున్నే కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండలో ఆరబెడతారు. అలా తయారైన చూన్యో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. మన వడియాలకు ఎండ చాలు, వాళ్ల చూన్యోకి ఎండతో పాటు గడ్డకట్టే రాత్రి కూడా కావాలి.

పెరూలోనే మనకు పనికొచ్చే ఇంకో వింత ఉంది. భూమధ్యరేఖకు ఉత్తరాన చెన్నై ఎంత దూరమో, దక్షిణాన కాన్యేతె లోయ ఇంచుమించు అంత దూరం. అదీ సముద్రం ఒడ్డే. అయినా అక్కడ బంగాళాదుంప పండుతుంది. కారణం హంబోల్ట్ ప్రవాహం. దక్షిణాన చలి ప్రాంతాల నుంచి వచ్చే చన్నీళ్లు ఆ తీరాన్ని ఒరుసుకుంటూ పారతాయి. వాళ్ల చలికాలంలో, అంటే జూలై, ఆగస్టుల్లో, అక్కడి రాత్రులు 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాన దాదాపు సున్నా, ఆండీస్ నుంచి దిగే నదుల నీళ్లే ఆధారం. మన బంగాళాఖాతం నీరేమో వెచ్చన. అక్షాంశం ఒకటే అయినా నీరు వేరు, రాత్రి వేరు, పంట వేరు. పటంలో అడ్డగీత చూసి పంటను నిర్ణయించేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ రెండు తీరాలనే చూపిస్తాను.

16వ శతాబ్దంలో స్పానిష్ వాళ్లు ఈ దుంపను ఐరోపాకు తీసుకెళ్లారు. అక్కడ చలికి కొదవ లేదు. అయినా ఓ పట్టాన ఊరలేదు. ఆండీస్ మొక్కకు పన్నెండు గంటల పగలు అలవాటు. ఐరోపా వేసవిలో పగలు పదహారు గంటలు. పగటి పొద్దు తగ్గేదాకా మొక్క దుంప మాటే ఎత్తదు. శరదృతువులో ఊరడం మొదలుపెట్టే సరికి మంచు ముంచుకొస్తుంది. పొడుగు పగళ్లకు అలవాటుపడ్డ మొక్కలను తరతరాలుగా ఏరుకుంటూ, దక్షిణ చిలీలోని చిలోయే వైపు రకాలను కలుపుకుంటూ వచ్చాకగాని ఐరోపాలో అది ప్రధాన పంట కాలేదు. ఈ మార్పు వెనకనున్న జన్యువును 2013లో కనిపెట్టారు.

మన దేశంలో కథ తిరగబడింది. పోర్చుగీసువాళ్లు 17వ శతాబ్దంలో పడమటి తీరానికి తెచ్చారు, తరవాత ఇంగ్లీషువాళ్లు కొండ ఊళ్లకు ఎక్కించారు. నీలగిరి, సిమ్లా లాంటి చోట్ల వేసవిలో, వానల్లో పండించుకోవచ్చు. అసలు విస్తీర్ణమంతా ఉన్న గంగా మైదానంలో వేసవి మాట తలపెట్టలేం. అక్కడ చలికాలమే దిక్కు. అక్టోబరులో నాటి జనవరి, మార్చి నడుమ తవ్వుకోవాలి. ఆ రోజుల్లో పగలు పది, పదకొండు గంటలే. ఐరోపా రకాలను తెచ్చి వేస్తే, పొట్టి పగలు చూసి అవి తొందరపడి దుంప పెట్టేసేవి. ఆకు పెరగకుండానే దుంప పెడితే దిగుబడి ఎక్కడినుంచి వస్తుంది? అందుకే మన పొట్టి పగళ్లకూ తొంభై, వంద రోజుల చలికాలానికీ సరిపడే రకాలను ఇక్కడే పుట్టించాల్సి వచ్చింది. ఆ పని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ చేసింది. 1949లో పట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారింది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ పుఖ్‌రాజ్, ఇలా రకాల పేర్లలో వినబడే కుఫ్రీ సిమ్లా పక్కన ఉన్న కొండ ఊరే.

రకం దొరికినా విత్తనం సమస్య తీరలేదు. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే మన దేశంలో బంగాళాదుంప తలరాత మార్చింది ఈ సంగతేనని నా నమ్మకం. పూర్వం విత్తన దుంప కొండల నుంచి దిగేది. మైదానంలో పేనుబంక వైరస్ తెగుళ్లను అంటిస్తుంది, చలి కొండల మీద పేనుబంక తక్కువ, అందుకని. కాని కొండ మీద సెప్టెంబరులో తవ్విన దుంపకు రెండు నెలలకు పైగా నిద్ర ఉంటుంది. అక్టోబరులో నాటితే అది మొలవదు. మైదానం రైతుకేమో అక్టోబరు దాటితే చలి చాలదు. 1950ల చివర్లో డాక్టర్ పుష్కర్‌నాథ్ ఈ ముడి విప్పారు. ఆయన చూసింది పేనుబంక క్యాలెండరు. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ మైదానాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పేనుబంక చాలా తక్కువగా ఉంటుంది, జనవరిలో పెరుగుతుంది. అయితే అక్టోబరులో ఆరోగ్యమైన దుంప నాటి, పేనుబంక పెరిగేలోపే ఆకు కోసేస్తే? వంద ఆకుల మీద ఇరవై పురుగులు కనబడేలోపు కోసేయాలని హద్దు పెట్టారు. ఆకు పోయాక వైరస్ దుంపలోకి దిగడానికి దారి ఉండదు. భూమిలోనే పది పదిహేను రోజులుంచి తొక్క ముదిరాక తవ్వి, చలి గిడ్డంగిలో పెడితే, వచ్చే అక్టోబరు నాటికి అది నిద్ర లేచి సిద్ధంగా ఉంటుంది. కొండలు లేకుండానే విత్తనం తయారైంది. చైనా తరవాత ప్రపంచంలో ఎక్కువ బంగాళాదుంప పండించేది మనమే, ఏటా ఐదు కోట్ల టన్నులకు పైమాటే. దాని వెనక ఈ ఆకుకోత ఉంది. పురుగుమందు కన్నా, యంత్రం కన్నా తేదీ ఎక్కువగా చేసిన పని అది.

ఇక మన దగ్గరికి వద్దాం. వెయ్యి మీటర్లు పైకెక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. జహీరాబాద్, కోహీర్ చుట్టుపక్కల నేల ఆరు వందల మీటర్ల ఎత్తున ఉంది. సముద్రానికి దూరం కాబట్టి గాలి పొడి. దసరా, దీపావళి నడుమ యాసంగికి ఆలుగడ్డ పెట్టి సంక్రాంతి తరవాత తవ్వుకుంటారు. డిసెంబరులో ఆ వైపు చలి ఎలా ఉంటుందో అక్కడ తెల్లవారుజామున బస్సు కోసం నిలబడ్డవాళ్లకు తెలుసు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలు, మదనపల్లె, పలమనేరు వైపు, దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తు. ఉర్లగడ్డ అని పిలిచే ఈ దుంపను అక్కడ చలికాలంలోనూ వేస్తారు, వానల్లోనూ వేస్తారు. చింతపల్లి మన్యంలోనూ కొంత సాగు ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మాత్రం లేదు. అక్కడి రైతుకు చేతకాక కాదు. విజయవాడలో డిసెంబరు రాత్రి 18, 19 డిగ్రీలకు దిగుతుంది, అది దుంపకు సరిపోయేదే. కాని నవంబరు చివరిదాకా రాత్రులు 20కి పైనే, ఫిబ్రవరి రాగానే మళ్లీ పైకి. నడుమ మిగిలేది ఎనిమిది తొమ్మిది వారాలు. పంటకు కావలసింది పన్నెండు, పదమూడు. ఆ నాలుగు వారాల తేడాయే డెల్టాకూ బంగాళాదుంపకూ చుట్టరికం కలవనివ్వలేదు. పైగా నల్లరేగడి నేల నీరు పట్టి ఉంచుతుంది. దుంపకు గుల్లబారే నేల కావాలి.

వానల్లో కూడా పండిస్తారన్నాను కదా, అది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కర్ణాటకలో హాసన్ జిల్లా చూడండి. తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తు. మే, జూన్ నెలల్లో తొలకరికి నాటుతారు. విత్తనం పంజాబ్‌లోని జలంధర్ నుంచి లారీల్లో వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో నేల పెనంలా కాలే ఆ రోజుల్లో హాసన్‌లో మబ్బులు కమ్ముకుంటాయి. ఎండ రాదు, పగలు వేడెక్కదు, రాత్రి ఇరవై దాటదు. అక్కడ చలికాలం చేసే పని మబ్బు చేస్తుంది.

కాని మబ్బుకు ఒక మూల్యం ఉంది. చల్లని, తడి గాలి దుంపకు ఎంత ఇష్టమో, దాన్ని చంపే లేట్ బ్లైట్ తెగులుకూ అంత ఇష్టం. 10 నుంచి 20 డిగ్రీల మధ్య చలి, ఆరని తడి ఆకు మీద రెండు మూడు రోజులు ఉంటే చాలు, చేను చేనంతా మాడినట్టు నల్లబడుతుంది. 1845లో ఐర్లండ్‌ను ముంచింది ఇదే. పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఊళ్లు వదిలి ఓడలెక్కారు. హాసన్‌లో ఈ తెగులు దెబ్బకు విసిగిన రైతులు చాలామంది మొక్కజొన్నకూ అల్లానికీ మళ్లారు. పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ, బర్ధమాన్ రైతులకు చలికాలపు పొగమంచు అంటే అదే గుండెదడ. అక్కడ వరి కోసిన మడిలో నవంబరు, డిసెంబరుల్లో దుంప నాటుతారు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను బలహీనపడి కూడా కుండపోతగా కురిసింది. అప్పుడే నాటిన విత్తనమంతా మడుల్లో కుళ్లిపోయింది. మళ్లీ నాటితే చలి చాలదు, నాటకపోతే అప్పు తీరదు.

ఏడాదికి ఒక్క చలికాలమే కాబట్టి పన్నెండు నెలల తిండి మూడు నెలల్లో పండాలి. ఫిబ్రవరిలో తవ్విన దుంప మే నెల ఎండకు నిలవదు. ఆగ్రా చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలిసింది అందుకే. ఆగస్టులో మనం హైదరాబాద్‌లో కొనే ఆలుగడ్డ చాలాసార్లు అయిదారు నెలలు చలిగదిలో పడుకుని వచ్చినదే. రెండు మూడు డిగ్రీల చలిలో దాని పిండి కొంత చక్కెరగా మారుతుంది. వేపుడు తొందరగా నల్లబడుతోందని నూనెను తిట్టుకునే ముందు ఇది గుర్తుచేసుకోండి. చిప్స్‌కు వాడే దుంపను కాస్త వెచ్చగా, పది పన్నెండు డిగ్రీల దగ్గర, ఉంచడం ఇందుకే.

భూమి వేడెక్కడం గురించి మాట్లాడేటప్పుడు మనం మే నెల వడగాలుల గురించే మాట్లాడతాం. బంగాళాదుంపకు మే నెలతో పనే లేదు. భూగోళం మొత్తం మీద చూస్తే గత కొన్ని దశాబ్దాలుగా రాత్రులు కూడా వేడెక్కుతూ వచ్చాయి. ఈ పంటను కొట్టేది సరిగ్గా అక్కడే. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మొక్క ఆకుకు కొంత లాభమే, కాని రాత్రి వేడి ఆ లాభాన్ని మింగేస్తుంది. చలి ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిపోతే గంగా మైదానానికి వారం పది రోజులు తగ్గుతాయి. దక్కన్‌లో అంత వెసులుబాటు ముందే లేదు. పెరూలో కూస్కో దగ్గరి కొండ రైతులు తమ దేశీ రకాలను తాతలు వేసిన చోటు కన్నా పైకి జరిపి వేసుకుంటున్నారు. జహీరాబాద్ రైతు జరగడానికి పైన కొండ లేదు.

ఆయన చేతిలో ఉన్నవి రకం, తేదీ, నేల మీది కప్పు. వేడికి ఓర్చే కుఫ్రీ సూర్య రకం 2006లో విడుదలైంది. పీఠభూమి కోసం పుట్టించిన కుఫ్రీ లౌకర్‌ను, పెరూ రాజధాని లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌టీ-1ను కలిపి తయారుచేశారు. మిగతా రకాలు వెనకాడే 20, 22 డిగ్రీల రాత్రుల్లో కూడా ఇది దుంప పెడుతుంది. ఇక తేదీ సంగతి. పండగ చూసో, పక్కవాడిని చూసో కాక, వరసగా వారం రోజుల కనిష్ఠ ఉష్ణోగ్రత చూసి నాటండి. ఆ లెక్క ఆకాశవాణిలో రోజూ చెబుతారు. నేల ఇంకా వెచ్చగా ఉండగా నాటాల్సివస్తే దుంపను కోసి ముక్కలు పెట్టకండి, కోసిన ముక్క వెచ్చని తడి నేలలో కుళ్లిపోతుంది. చిన్న దుంపలను కోయకుండా అలాగే పెట్టండి. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన విత్తనాన్ని ఆ రోజే చేలో పెట్టకుండా, నీడలో గాలి తగిలేలా పరిచి పది రోజులు ఆరనివ్వండి. బోదెల మీద జానెడు మందాన వరిగడ్డి కప్పితే పగటి వేడి నేలలోకి దిగదు, తడీ నిలుస్తుంది. గోవాలో, సుందర్‌బన్స్‌లో వరి మడి దున్నకుండానే దుంప పెట్టి గడ్డి కప్పి పండిస్తున్నారు. మన దగ్గర ఆ గడ్డిని తగలబెట్టే రైతులు ఈ ఏడు ఒక్క మడిలోనైనా పరిచి చూడవచ్చు.